భోజనం ముందా, ప్రార్థన ముందా?

చర్చి తరఫున ఇల్లు లేనివాళ్ల మధ్య పనిచేసే వాలంటీర్ల గురించి పోయిన సంచికలో కొంచెం రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు సేవ దగ్గర మొదలై విశ్వాసం దగ్గరికి వెళ్లిపోయాయి. అందుకే ఈసారి కాలమ్ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు. కొందరు వద్దన్నారు, మిగతావాళ్ల విషయంలో నేనే వద్దనుకున్నాను.

ప్రశ్న: అక్కా, నేను క్రైస్తవుణ్ణి కాను. దేవుడున్నాడా లేడా అన్నదే నాకింకా తేలలేదు. ఆఫీసులో ఫ్రెండ్ పిలిస్తే, వాళ్ల చర్చి టీమ్‌తో కలిసి రాత్రిపూట ఫుట్‌పాత్‌ల మీద పడుకునేవాళ్లకు భోజనం పంచడానికి వెళ్లాను, ఆ తర్వాత మానలేకపోయాను. ఇప్పుడు అందరూ బ్రదర్ అంటున్నారు, బాప్తిస్మం ఎప్పుడు అని అడుగుతున్నారు. లోపల ఏదో కదులుతున్న మాట నిజమే. అది విశ్వాసమో, ఊరికే జాలో అర్థం కావడం లేదు. నమ్మకం లేకుండా వాళ్లతో తిరగడం మోసమవుతుందా?

కాదు తమ్ముడూ. నమ్మకుండానే నమ్ముతున్నానని చెబితే మోసం. మీరు అలా చెప్పలేదు. టీమ్ లీడర్‌ని ఒక్కసారి పక్కకు పిలిచి, "నేనింకా వెతుక్కుంటున్నాను, బాప్తిస్మం గురించి అడగొద్దు, ఆ రోజు వస్తే నేనే వచ్చి చెబుతాను" అని సూటిగా అనేయండి. మంచి లీడరైతే ఆ మాటకు సంతోషిస్తారు. ఆ తర్వాత కూడా అడుగుతూనే ఉంటే ఆ ఇబ్బంది వాళ్లది, మీరు నెత్తికెత్తుకోకండి.

నమ్మకం ముందు రావాలి, సేవ తర్వాత అనే వరుస ఎక్కడా రాసిపెట్టి లేదు. నాలుగో శతాబ్దంలో మార్టిన్ అనే కుర్ర సైనికుడు ఉండేవాడు, రోమన్ సైన్యంలో. ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న అమియెన్స్ నగర ద్వారం దగ్గర, ఎముకలు కొరికే చలిలో, ఒంటి మీద బట్ట లేని ఒక బిచ్చగాడు కనిపించాడు. అప్పటికే ఉన్నదంతా ఎవరెవరికో ఇచ్చేశాడు మార్టిన్, మిగిలింది కప్పుకున్న అంగీ ఒక్కటే. కత్తి దూసి దాన్ని నిలువునా కోసి సగం ఇచ్చేశాడు. ఆ రాత్రి కలలో యేసు ఆ సగం అంగీ కప్పుకుని కనిపించి, ఇంకా బాప్తిస్మం కూడా పొందని మార్టిన్ నాకిది కప్పాడు అని దేవదూతలతో అన్నాడట. మార్టిన్‌ను స్వయంగా ఎరిగిన సుల్పీషియస్ సెవెరస్ ఆయన జీవిత చరిత్రలో రాసిన మాట ఇది. కలను మీరు నమ్మినా నమ్మకపోయినా, బాప్తిస్మం లేని మనిషి చేసిన పనిని సంఘం తలెత్తుకుని చెప్పుకుందన్నది చూడండి. తర్వాత ఆయన టూర్స్ నగరానికి బిషప్ కూడా అయ్యారు.

మీ ఉత్తరం చదువుతుంటే మార్టిన్ కంటే ఎక్కువగా డోరతీ డే గుర్తొచ్చారు. 1897లో పుట్టిన అమెరికన్ జర్నలిస్టు. సోషలిస్టు పత్రికల్లో రాసేవారు, 1917లో స్త్రీల ఓటు హక్కు కోసం వైట్‌హౌస్ ముందు నిలబడి జైలుకెళ్లారు. పేదల పక్షాన నిలబడటం ఆమెకు విశ్వాసం నేర్పిన విషయం కాదు, అప్పటికే ఉంది. 1926లో కూతురు పుట్టింది. ఆ సంతోషానికి ఎవరికి థాంక్స్ చెప్పాలో తెలియక ప్రార్థన మొదలుపెట్టారు. కష్టంలో దేవుడు గుర్తొచ్చాడనే కథలు మనం చాలా వింటాం, ఈమె సంతోషంలోంచి వెళ్లారు, నాకు ఆమెలో బాగా నచ్చేది అదే. కానీ దానికి పెద్ద మూల్యమే చెల్లించారు. కలిసి బతుకుతున్న మనిషికి మతమంటే గిట్టదు. ఆయన్ని వదులుకుని 1927 డిసెంబరులో కాథలిక్‌గా బాప్తిస్మం తీసుకున్నారు. పోనీ అప్పుడైనా అంతా తేలిపోయిందా అంటే లేదు. కొత్తగా దొరికిన విశ్వాసాన్ని, ఎప్పటినుంచో ఉన్న పేదల పోరాటాన్ని ఎలా కలపాలో తెలియక ఇంకో ఐదేళ్లు నలిగారు. 1932 డిసెంబరులో వాషింగ్టన్‌లో పని లేనివాళ్లు చేసిన ఆకలి యాత్ర గురించి రాయడానికి వెళ్లి, కవాతు చేస్తున్నవాళ్లను పక్కన నిలబడి చూసి, తర్వాత అక్కడి చర్చిలో మోకరించి ఏడ్చారు, దారి చూపించమని. న్యూయార్క్‌లో ఇంటికి తిరిగొచ్చేసరికి పీటర్ మోరిన్ అనే ఫ్రెంచ్ మనిషి ఆమె కోసం వచ్చి ఉన్నాడు. ఇద్దరూ కలిసి 1933 మే 1న ఒక్క సెంటుకు అమ్మే చిన్న పత్రిక మొదలుపెట్టారు, పేరు కాథలిక్ వర్కర్. కొన్నాళ్లకే ఇల్లు లేనివాళ్లు ఆ పత్రిక తలుపు తట్టారు. అలా మొదలైన ఆతిథ్య గృహాలు ఇవాళ్టికీ చాలా ఊళ్లలో నడుస్తున్నాయి.

ఇక జాలా, విశ్వాసమా అన్న ప్రశ్న. దీన్ని ఒక రాత్రిలో తేల్చుకోవాలని చూడకండి. లూకా సువార్త తీసుకుని ఇంట్లో మీరొక్కరే కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదవండి, ఎవరూ వివరించకుండా. నచ్చనిచోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. ఇంకో పని కూడా చేయండి. భోజనం తీసుకునేవాళ్లలో మీతో కాస్త చనువుగా ఉండే ఒకరి పక్కన కూర్చుని, ఆయన దేవుడి గురించి ఏమనుకుంటున్నారో అడగండి. బయట పడుకునేవాళ్లలో బైబిల్ మనకన్నా బాగా తెలిసినవాళ్లు ఉంటారు, రాత్రంతా మెలకువగా ఉండి ప్రార్థన చేసుకునేవాళ్లు ఉంటారు, దేవుడి మీద కోపంతో రగిలిపోయేవాళ్లూ ఉంటారు. వాళ్లు చెప్పేది వినడానికే వెళ్లండి, జవాబులు పట్టుకెళ్లకండి. తొలి శతాబ్దాల క్రైస్తవ గురువుల్లో పెద్దవాడైన అగస్టీన్ అంతటివాడికి ఏళ్లు పట్టింది. 386లో మిలాన్‌లో ఒక తోటలో మనసు మారినా, బాప్తిస్మం తీసుకున్నది మరుసటి ఏడాది ఈస్టర్‌కే. మీకు తొందరేముంది?

ప్రశ్న: సిస్టర్, మా టీమ్‌లో ముందు పాట, తర్వాత వాక్యం, ప్రార్థన, అవన్నీ అయ్యాకే ప్యాకెట్లు ఇస్తారు. పోయిన వారం ఒకాయన లైన్లోంచి బయటికొచ్చి, "ఆకలితో ఉన్నవాణ్ణి కళ్లు మూసుకోమంటారేంటి" అని గట్టిగా అరిచి వెళ్లిపోయాడు. మావాళ్లు అతని మనసు కఠినం అన్నారు. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. వాక్యం చెప్పకుండా ఉత్త భోజనం పెట్టి వచ్చేస్తే అది చర్చి పని ఎలా అవుతుందని పెద్దలు అడుగుతున్నారు.

ఆయన అడిగింది న్యాయమే సిస్టర్. ముందు భోజనం ఇవ్వండి, ఏ షరతూ లేకుండా. దీనిలో నాకు రెండో ఆలోచన లేదు.

లైన్లో నిలబడిన మనిషి వైపు నుంచి చూడండి. మీరు వచ్చేసరికి ఆయన పడుకునే చోటు వదిలిపెట్టి వచ్చాడు. అది ఏ షట్టరు ముందో, వాన పడని మూలో. అక్కడ అట్టముక్క, దుప్పటి, సంచి ఉన్నాయి. ఆ సంచిలోనే గుర్తింపు కార్డు, మందుల చీటీ ఉంటాయి. పాటలూ వాక్యం అయ్యేదాకా అరగంట నిలబెడితే ఆ చోటు ఇంకొకరిది అయిపోవచ్చు, సంచి పోవచ్చు. కార్డు పోతే మళ్లీ తెచ్చుకోవడానికి, అడ్రస్ లేని మనిషి ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో ఒకసారి ఆ కార్డు కోసం ఎవరితోనైనా వెళ్లి చూస్తే తెలుస్తుంది. మీ ప్రార్థన ఆయనకు అంత ఖరీదు పడుతోంది. మనకు అది కనిపించదు, ఎందుకంటే మన బ్యాగు కారులో భద్రంగా ఉంది.

మీ పెద్దలకు వాక్యమే కావాలంటే వాక్యంలోంచే చెప్పండి. యాకోబు పత్రిక రెండో అధ్యాయం చూపించండి. బట్ట లేక, తిండి లేక ఉన్న సహోదరుడితో సమాధానంగా వెళ్లు, చలి కాచుకో, కడుపు నింపుకో అని చెప్పి ఏమీ ఇవ్వకపోతే ఏం లాభం అని అక్కడ అడుగుతాడు. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులు బాగుపడ్డారు, ఒక్కడే తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పాడు. మిగతా తొమ్మిదిమంది ఎక్కడని యేసు అడిగాడే గానీ, వాళ్ల స్వస్థతను వెనక్కి తీసుకోలేదు.

సువార్త మీద పట్టింపు ఎక్కువ ఉన్నవాళ్లే ఈ పని చేసి చూపించారు. విలియం బూత్, ఆయన భార్య కేథరిన్ 1865లో తూర్పు లండన్‌లో మొదలుపెట్టిన పరిచర్యే 1878లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ అయింది. వీధుల్లో డప్పు కొట్టి మరీ ప్రకటించిన మనుషులు, వాళ్లకు సువార్త మీద శ్రద్ధ లేదని ఎవరూ అనలేరు. అదే బూత్ 1890లో రాసిన పుస్తకంలో ఒక మాట గట్టిగా అడుగుతాడు. లండన్‌లో బండి గుర్రం రోడ్డు మీద పడిపోతే, ఎందుకు పడ్డావని విచారించకుండా ముందు లేపుతారు, బతికినన్నాళ్లూ దానికి తిండి, నీడ, పని ఉంటాయి, ఆ మాత్రం మనిషికి ఎందుకు ఉండకూడదు అని. ఇంకా వెనక్కి వెళ్తే, క్రైస్తవులంటే అస్సలు గిట్టని రోమన్ చక్రవర్తి జూలియన్, 362 ప్రాంతంలో తన పూజారికి రాసిన లేఖలో, ఈ గలిలయులు (క్రైస్తవుల్ని ఆయన అలాగే పిలిచేవాడు) తమ పేదల్నే కాక మన పేదల్ని కూడా పోషిస్తున్నారు, మనం సిగ్గుపడాలి అని వాపోయాడు. మనవాళ్లా కాదా అని అడగకుండా పెట్టడం వల్లే ఆ మాట శత్రువు నోట వచ్చింది.

వాక్యం మానేయమని నేను అనడం లేదు. ప్యాకెట్లు ఇచ్చేశాక, "ప్రార్థన కావాలన్నవాళ్లు ఇక్కడ ఉండొచ్చు, లేనివాళ్లు వెళ్లొచ్చు" అని మామూలు గొంతుతో చెప్పండి. ఎంతమంది ఉన్నారని లెక్క పెట్టకండి, వెళ్లిపోయేవాళ్ల వంక అదోలా చూడకండి. మిగిలినవాళ్లు తమంతట తామే మిగిలినవాళ్లు. వాళ్లతో చేసే ప్రార్థన వేరుగా ఉంటుంది, మీరే చూస్తారు. ఆ అరిచినాయన మళ్లీ కనిపిస్తే సారీ చెప్పండి, చెప్పి ప్యాకెట్ చేతిలో పెట్టండి.

ప్రశ్న: ఇల్లు లేనివాళ్లకు భోజనం, దుప్పట్లు అందరూ ఇస్తున్నారు. ఇంకేం ఇస్తే పనికొస్తుంది? డబ్బులు ఇవ్వొచ్చా?

సాక్సులు. పాతవి కాదు, కొత్తవి. పాత బట్టలు ఇచ్చేవాళ్లు చాలామంది, సాక్సులు మాత్రం ఎవరూ దానం చేయరు, చిరిగేదాకా వాడి పారేస్తాం కాబట్టి. రోజంతా నడిచి, తడి బూట్లతోనే పడుకునే మనిషికి కాళ్లు చెమ్మకు ఒరిసి, తెల్లబడి, చర్మం ఊడి పుండ్లు పడతాయి. షుగర్ ఉంటే అది కాలు తీసేయాల్సినదాకా వెళ్తుంది. టీమ్‌లో నర్సులెవరైనా ఉంటే ఒక బకెట్ గోరువెచ్చని నీళ్లు, తువ్వాలు, గ్లౌజులు, ఆయింట్‌మెంట్ పెట్టుకుని కాళ్లు చూడమనండి. స్త్రీలకు శానిటరీ ప్యాడ్లు అడక్కుండానే కవర్లో పెట్టి ఇవ్వండి, అడిగించుకోకండి. ఫోన్ ఛార్జింగ్ పెట్టుకునే ఏర్పాటు కూడా చాలా పెద్ద సాయం, ఉద్యోగం వాళ్లు ఫోన్ చేసినప్పుడు స్విచ్చాఫ్ వస్తే ఆ ఉద్యోగం అంతే.

డబ్బు మీ ఇష్టం. ఇస్తే మాత్రం లెక్కలు అడగొద్దు. నాలుగో శతాబ్దం చివర్లో అంతియొకయలో జాన్ క్రిసొస్తమ్ అనే బోధకుడు, లూకా సువార్తలోని ధనవంతుడు, బిచ్చగాడు లాజరు కథ మీద ప్రసంగిస్తూ, దానం చేసేవాడు రేవులాంటివాడు, ఓడ పగిలి వచ్చినవాణ్ణి నువ్వు మంచివాడివా చెడ్డవాడివా అని రేవు అడుగుతుందా అన్నాడు.

ఫొటోలు తీయకండి. ఆ ఫొటో వాళ్ల ఊళ్లో కూతురు చూడొచ్చు.

ప్రశ్న: మేడమ్, వందనాలు. మా చర్చి షెల్టర్‌లో ఒక పెద్దాయన ప్రభువును నమ్ముకుని, బాప్తిస్మం తీసుకుని, తాగుడు మానేశారు. సంఘమంతా సంతోషించింది. ఈమధ్య మళ్లీ తాగి వచ్చారు. రూల్ ప్రకారం బయటికి పంపేశారు. అప్పటినుంచి నాకు ప్రార్థన చేయబుద్ధి కావడం లేదు. ఆయన విశ్వాసం అబద్ధమా, మా ప్రార్థన అబద్ధమా?

రెండూ కావమ్మా. ముందు ఆయన్ని వెతకండి, ఇవాళే. తాగితే ఒళ్లు వెచ్చబడినట్టు అనిపిస్తుంది గానీ, చర్మం దగ్గరి రక్తనాళాలు తెరుచుకుని ఒంట్లో వేడి ఇంకా త్వరగా పోతుంది. చలి రాత్రుల్లో తాగి బయట పడుకున్నవాళ్లు ఎక్కువగా ప్రాణం మీదికి తెచ్చుకునేది అందుకే.

ఇంకో విషయం, ఇది చర్చి టీమ్‌లన్నీ తెలుసుకోవాలి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగే మనిషిని, ప్రార్థన చేశాం కాబట్టి ఈ రాత్రి నుంచే ఆపేయమని చెప్పకండి. ఒక్కసారిగా ఆపితే ఒళ్లు వణికి, ఫిట్స్ వచ్చి, మతి తప్పి, ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉంది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, మందుల సాయంతో మాన్పించాలి. ప్రార్థన ఆ దారిలో తోడుగా ఉండనివ్వండి.

మళ్లీ పడటం గురించి. జెర్రీ మెకాలే అని ఐర్లండ్ నుంచి న్యూయార్క్ వచ్చిన కుర్రాడు, నదిలో పడవల మీద దొంగతనాలు చేసేవాడు. పందొమ్మిదేళ్లకే పదిహేనేళ్ల శిక్ష పడి సింగ్‌సింగ్ జైలుకెళ్లాడు. అక్కడే మారుమనస్సు పొందాడు, 1864లో క్షమాభిక్షతో విడుదలయ్యాడు. బయటికొచ్చాక మళ్లీ తాగాడు, మళ్లీ దొంగతనాలకు వెళ్లాడు, లేచాడు, మళ్లీ పడ్డాడు. ఆ మనిషే 1872లో భార్య మరియాతో కలిసి వాటర్ స్ట్రీట్‌లో, తనలాంటివాళ్ల కోసమే ఒక మిషన్ తెరిచాడు. మధ్యలో ఎవరో ఒకరు ప్రతిసారీ ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లారు కాబట్టే ఇవాళ ఆ పేరు మనం చెప్పుకుంటున్నాం.

షెల్టర్ రూల్ గురించి కూడా సంఘంలో కూర్చుని మాట్లాడండి. అక్కడ మిగతావాళ్ల భద్రత చూడాలి, ఒప్పుకుంటాను. అయినా తాగడం మానితేనే నీడ అన్న పద్ధతి చాలాచోట్ల మారింది. 1992లో న్యూయార్క్‌లో శామ్ త్సెంబెరిస్ అనే సైకాలజిస్టు దాన్ని తిరగేసి, ముందు ఇల్లు ఇచ్చారు, తాగుడు, మానసిక రోగం లాంటివి ఇంట్లో ఉండగా చూసుకుందామన్నారు. ఎక్కువమంది ఆ ఇల్లు నిలబెట్టుకున్నారు. ఫిన్లండ్ 2008 నుంచి దీన్నే దేశమంతటా విధానంగా పెట్టుకుంది. మీ చర్చికి ఇళ్లిచ్చే స్తోమత లేకపోవచ్చు. తాగి వచ్చిన రాత్రి పడుకోవడానికి విడిగా ఒక గది, చూసుకోవడానికి ఒక మనిషి, ఇంతైనా పెట్టగలరేమో అడగండి.

ప్రార్థన చేయబుద్ధి కాకపోతే చేయకండి, కొన్నాళ్లు కీర్తనలు చదువుకోండి. అక్కడ మీకంటే కోపంగా దేవుడితో మాట్లాడినవాళ్లు ఉన్నారు.

ప్రశ్న: అమ్మా, నేను ఫుట్‌పాత్ మీద ఏళ్లు గడిపినవాణ్ణి. చర్చివాళ్లు చేరదీశారు, ప్రభువును నమ్ముకున్నాను, ఇప్పుడు పని ఉంది, గది ఉంది. ఎప్పుడు మీటింగ్ పెట్టినా నన్నే లేపి సాక్ష్యం చెప్పమంటున్నారు. చెప్పిందే చెప్పి విసుగొచ్చింది. నేను పడ్డ అవమానాలు విని జనం ఏడుస్తున్నారు, తర్వాత కానుకలు పడుతున్నాయి. చెప్పనంటే కృతజ్ఞత లేదంటారేమో.

బాబూ, ఆ సాక్ష్యం మీది. సంఘం ఆస్తి కాదు.

మార్కు సువార్తలో రెండు సంగతులు పక్కపక్కన పెట్టి చదవండి. మొదటి అధ్యాయంలో కుష్ఠరోగిని బాగు చేసి, ఎవరికీ చెప్పొద్దు, వెళ్లి యాజకుడికి కనబడు అన్నాడు యేసు. ఐదో అధ్యాయంలో గెరాసేనుల దేశంలో సమాధుల మధ్య బతికిన మనిషి ఉన్నాడు. ఇల్లు లేదు, ఊరివాళ్లు గొలుసులతో కట్టేసేవాళ్లు. బాగయ్యాక నీ వెంట వస్తానని బతిమాలితే, వద్దు, నీ ఇంటికి వెళ్లి నీవాళ్లకు చెప్పు అన్నాడు. ఒకరిని చెప్పొద్దన్నవాడే ఇంకొకరిని చెప్పమన్నాడు. అది కూడా ముందు తన ఇంటివాళ్లకు. ఎవరికి ఏది మంచిదో చూసి చెప్పాడే గానీ ఇద్దరినీ తీసుకెళ్లి వేదిక ఎక్కించలేదు.

మీకు చెప్పాలనిపించిన రోజు చెప్పండి. ఎంతవరకు చెప్పాలో కూడా మీరే నిర్ణయించుకోండి. ఆ ఏళ్లలో మీకు జరిగిన కొన్ని విషయాలు ఎప్పటికీ ఎవరికీ చెప్పకపోయినా దేవుడి దగ్గర మీరేమీ దాచినట్టు కాదు. పాస్టరుగారి దగ్గరికి ఆదివారం హడావుడిలో కాకుండా వారం మధ్యలో వెళ్లి, "అయ్యగారూ, కొన్నాళ్లు సాక్ష్యం చెప్పను, దాని బదులు రాత్రి టీమ్‌తో వెళ్తాను" అనండి. ఎవరు ఎక్కడ పడుకుంటారో, ఏ టైమ్‌కి వెళ్తే భయపడకుండా మాట్లాడతారో, ఎవరి పక్కన నిలబడకూడదో, అక్కడ కూర్చుని ఉన్న మనిషికి పైనుంచి మాట్లాడితే ఎలా అనిపిస్తుందో మీకు తెలిసినంతగా ఆ టీమ్‌లో ఎవరికీ తెలియదు. కొత్త వాలంటీర్లకు అవి నేర్పండి.

మీ ఇంటివాళ్ల గురించి ఉత్తరంలో ఒక్క మాటా రాయలేదు. ఉన్నారా? వాళ్లతో మాట్లాడాలని ఉంటే, ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే, నాకు విడిగా రాయండి. దాన్ని ఇక్కడ వేయను.